అమరేశ్వరుడి గుడిలో బుద్ధుడి దీపం

ఒకే సీమలో నలుగురైదుగురు దేవుళ్ళు, ఒక్కొక్కరి వెనక ఒక్కో భక్తగణం ఉంటే, ఎవరికి ఎంత ఇవ్వాలి, ఎవరి ఉత్సవానికి ముందు వెళ్ళాలి, ఎవరిని మరిచిపోతే ముప్పు అన్నది పూర్వం రాజుకు పన్నుల వసూలంత పెద్ద పని. ఇవాళ ఆ పని పిల్లలు కంప్యూటర్ ముందు కూర్చుని చేస్తున్నారు. 1998లో వచ్చిన 'సీజర్ 3' అనే స్ట్రాటజీ గేములో ఆడేవాళ్ళు రోమన్ నగరం కట్టాలి. సీరిస్, నెప్ట్యూన్, మెర్క్యురీ, మార్స్, వీనస్ అనే అయిదుగురు దేవతలకూ గుళ్ళు కట్టి పండగలు చేయాలి. ఒకరికి ఎక్కువ కట్టి ఇంకొకరికి తక్కువ కడితే తక్కువైనవారు అలుగుతారు. నెప్ట్యూన్ అలిగితే ఓడలు మునుగుతాయి, సీరిస్ అలిగితే పంట పోతుంది. మరుసటి ఏడు వచ్చిన 'ఫారో'లో ఒసైరిస్ చేతిలో నైలు నది వరద ఉంటుంది. ఆయనకు కోపం వస్తే పొలాల మీదికి నీళ్ళు రావు. 2002 నాటి 'ఏజ్ ఆఫ్ మిథాలజీ' ఇంకా కఠినం. యుగం మారినప్పుడల్లా ఇద్దరు చిన్న దేవతల్లో ఒకరినే ఎంచుకోవాలి, రెండోవారు ఆ ఆటలో మళ్ళీ దొరకరు. అందులో దేవుడి అనుగ్రహం కూడా తిండిగింజలు, కలప, బంగారం లాగే పోగుచేసి ఖర్చుపెట్టే సరుకు, తెర మీద కనిపించే ఒక అంకె.

కృష్ణ ఒడ్డున ఈ సమస్య ఆట కాదు. మాచర్ల దగ్గరి కొండల నుంచి సముద్రం దాకా ఈ నది వెంట బౌద్ధులు, జైనులు, కాలాముఖ శైవులు, వీరశైవులు, వైష్ణవులు, ఊరూరి అమ్మవార్లు ఒకరి పక్కన ఒకరు బతికారు. వాళ్ళందరినీ ఎలా సముదాయించారో రాతి మీద, రాగి రేకుల మీద పాలకులే రాయించి పెట్టారు. ఆ రాతలు చదివితే ఒక సంగతి పదే పదే కనిపిస్తుంది. ఒకరికి ఇచ్చింది ఇంకొకరి నోటి దగ్గరి కూడు లాగినట్టు కాకుండా చూసుకున్నన్నాళ్ళూ పాలన సాఫీగా సాగింది.

అన్నిటికంటే పాత ఉదాహరణ క్రీస్తు శకం మూడో శతాబ్దపు ఇక్ష్వాకులది. వాళ్ళ రాజధాని విజయపురి ఉన్న లోయ ఇప్పుడు నాగార్జునసాగర్ నీళ్ళ కింద ఉంది. ఈ వంశానికి మూలపురుషుడు వాసిష్ఠీపుత్ర చాంతమూలుడు అశ్వమేధం, వాజపేయం, అగ్నిష్టోమం చేసిన వైదికుడు. కార్తికేయుడు, అంటే మహాసేనుడు, తనను పరిగ్రహించాడని చెప్పుకున్నవాడు. ఆయన చెల్లెలు చాంతిసిరి మాత్రం నాగార్జునకొండ మహాచైత్యానికి ముఖ్య దాత. ఇంకా ముచ్చటైన విషయం, అన్నగారి యజ్ఞాల గొప్పా, మహాసేనుడి అనుగ్రహమూ చెక్కి ఉన్నది ఆ చైత్యం స్తంభాల మీదే. బుద్ధుడి కంబం మీద కార్తికేయుడి పేరు చెక్కడానికి ఆమె వెనకాడలేదు, భిక్షువులూ కాదనలేదు. అన్న దేవుడు వేరు, చెల్లెలి దేవుడు వేరు, ఇల్లు ఒకటే.

ఆ ఇంటి ఆడవాళ్ళు బౌద్ధుల లోపలి తగాదాలను కూడా ఇలాగే తీర్చారు. అప్పటికి బౌద్ధం అనేక శాఖలుగా చీలింది. చాంతిసిరి ఆదరించింది అపరమహావినసేలీయులను. రాణి భట్టిదేవ బహుశ్రుతీయులకు విహారం కట్టించింది. కొడబలిసిరి మహీశాసకులకు ఇంకొకటి కట్టించింది. ఏ శాఖకు ఆ శాఖ సొంత దాత, సొంత విహారం, సొంత శాసనం సంపాదించుకుంది. ఎవరూ ఇంకొకరి గుమ్మం దగ్గర చేయి చాచనక్కరలేదు. మూలపురుషుడి మనవడు ఎహువుల చాంతమూలుడి కాలం వచ్చేసరికి ఒక సేనాని సర్వదేవుడికి గుడి కట్టించాడు, నది ఒడ్డున పుష్పభద్రస్వామి గుడి వెలిసింది. అప్పుడూ బౌద్ధ కట్టడాలు ఆగలేదు.

దీన్ని ఉదారత అని మాత్రమే అనుకుంటే సగమే చూసినట్టు. ప్రతి దేవుడి వెనకా ఒక రకం మనుషులు ఉన్నారు. యజ్ఞాలు చేయించే బ్రాహ్మణులు రాజును రాజుగా నిలబెట్టేవారు. స్తూపాల వెనక వర్తకులు, చేతిపనివాళ్ళు ఉన్నారు. జగ్గయ్యపేట స్తూపానికి కంబాలు నిలబెట్టిన సిద్ధార్థుడు ఒక పనివాడే. ఘంటసాల రేవు నుంచి సముద్రం మీదికి వెళ్ళే సరుకూ, భట్టిప్రోలు ధాతువుల పెట్టెల మీద పేర్లు చెక్కించుకున్న దాతల సంఘాలూ బౌద్ధంతో ముడిపడ్డవే. గేములో అలిగేది దేవుడు. విజయపురిలో బుద్ధుణ్ణి పక్కనపెడితే అలిగేది వర్తకుడు, మహాసేనుణ్ణి పక్కనపెడితే అలిగేది పురోహితుడు.

చైనా యాత్రికుడు షువన్‌జాంగ్ ఏడో శతాబ్దం మధ్యలో ధాన్యకటకానికి, అంటే ఇప్పటి అమరావతి ప్రాంతానికి, వచ్చేసరికి త్రాసు ఒకవైపు మొగ్గింది. చాలా విహారాలు పాడుబడ్డాయనీ, ఇరవై దాకా మిగిలాయనీ, వాటిలో వెయ్యిమంది భిక్షువులు ఉన్నారనీ, దేవాలయాలు వందదాకా ఉన్నాయనీ ఆయన రాసుకున్నాడు. బెజవాడకు ఎదుటి గట్టున ఉండవల్లిలో కొండను నాలుగు అంతస్తులుగా తొలిచి, లోపల అనంతశయనుణ్ణి పడుకోబెట్టిన గుహాలయం కూడా ఈ మొగ్గుకు గుర్తే.

బెజవాడ కథ తూర్పు చాళుక్యులతో మొదలవుతుంది. 624 ప్రాంతంలో ఈ వంశాన్ని నిలబెట్టిన కుబ్జ విష్ణువర్ధనుడి రాణి అయ్యణ మహాదేవి బెజవాడలోని నడుంబి వసది అనే జైన ఆలయానికి ముసినికొండ అనే ఊరిని రాసిచ్చింది. తర్వాతి తరాల్లో మూడో విష్ణువర్ధనుడు ఆ దానాన్ని మళ్ళీ ఖాయం చేశాడు. ఆ వంశంలోనే రెండో విజయాదిత్యుడు పన్నెండేళ్ళలో నూటెనిమిది యుద్ధాలు చేసి నూటెనిమిది శివాలయాలు కట్టించాడని శాసనాలు చెబుతాయి. యుద్ధానికో గుడి లెక్క ఏ గేములోనో చూసినట్టే ఉంటుంది.

పదో శతాబ్దంలో రెండో అమ్మరాజు ఇద్దరికీ ఇచ్చాడు. బెజవాడలో కాలాముఖ శైవుల అధీనంలో ఉన్న సమస్తభువనాశ్రయమనే శివాలయానికి తాండికొండ ఊరు ఇచ్చినవాడు ఆయనే. అదే పట్నంలో భీముడు, నరవాహనుడు అనే సేనానులు కట్టించిన రెండు జినాలయాలకు ఇంకో ఊరు ఇచ్చినవాడూ ఆయనే. ఒకే రాజు, ఒకే పట్నం, ఒకరి పొడ ఒకరికి గిట్టని రెండు మతాలు. రాజు చేసిందల్లా ఎవరి ఊరు వారికి, ఎవరి పొలిమేర వారికి విడగొట్టడమే. రాగి రేకు మీద ఊరి నాలుగు దిక్కుల సరిహద్దులు చెట్టూ పుట్టా గుర్తులతో చెప్పడం, కాజేసినవాడికి పాపం తగులుతుందని శాపం పెట్టడం ఊరికే రాసిన మాటలు కావు. తన తర్వాత వచ్చే రాజు ఇంకో దేవుడి పక్షం కావచ్చునని ఇచ్చేవాడికి తెలుసు.

ఊళ్ళు ఇచ్చే స్తోమత లేనివాళ్ళు దీపం పెట్టేవారు. అఖండదీపానికి నెయ్యి కావాలి. అందుకోసం గుడికి జీవాలను, తరచు 25 లేదా 50 లెక్కన, ఇచ్చేవారు. వాటిని ఒక గొల్లవాడికి అప్పగిస్తే అతనూ అతని సంతానమూ రోజూ కొలత ప్రకారం నెయ్యి పోయాలి. జీవాలు చస్తే పిల్లలతో లెక్క నింపుకోవాలి. డెల్టాలో అనుగ్రహానికి కొలమానం ఇదీ. అంకె ఇక్కడా ఉంది, కానీ ఆ అంకె వెనక ఒక కాపరి కుటుంబం తరతరాల బతుకు ఉంది.

బెజవాడ మల్లేశ్వరాలయంలో దొరికిన తూర్పు చాళుక్య యుద్ధమల్లుడి శాసనం ఇంకో దారి చూపిస్తుంది. క్రీస్తు శకం 930 ప్రాంతపు ఈ శాసనం మధ్యాక్కర పద్యాల్లో ఉండటం వల్ల సాహిత్య చరిత్రలో పేరు మోసింది. అందులోని సంగతి కూడా అంతే విలువైనది. చేబ్రోలు నుంచి జాతరకు బెజవాడ వచ్చిన కుమారస్వామి ఇక్కడే ఉండిపోయాడు, ఆయనకు గుడీ మఠమూ ఏర్పడ్డాయి. ఇక్ష్వాకుల మహాసేనుడే ఏడువందల ఏళ్ళ తర్వాత ఇలా జాతర చూడవచ్చిన చుట్టంలా మళ్ళీ కనిపిస్తాడు. అయితే శాసనం అక్కడితో ఆగదు. ఆ మఠంలో గొరగలు, అంటే శైవ సన్యాసులు, తప్ప ఇంకెవరూ దిగకూడదంటుంది. దిగితే వారణాసిని పాడుచేసినంత పాపమనీ, దిగనిచ్చిన తానపతులకూ, అంటే గుడి అధికారులకూ, రాజుకూ ఆ పాపంలో పాలుందనీ హెచ్చరిస్తుంది. అంత గట్టిగా ఒట్టు పెట్టారంటే ఇతరులు వచ్చి దిగడం అప్పటికే జరుగుతూ ఉండాలి. అయ్యణ మహాదేవి వసది ఉన్న పట్నంలోనే ఇప్పుడు తలుపులు మూసుకోవడం మొదలైంది.

పన్నెండో శతాబ్దానికి ఆ తలుపులు ఇంకా బిగిశాయి. మల్లికార్జున పండితారాధ్యుడు వెలనాటి చోడుల రాజధాని చందవోలులో ఒక బౌద్ధాచార్యుడితో వాదానికి దిగాడనీ, శిష్యులు ఆ ఆచార్యుణ్ణి చంపారనీ, అందుకు రాజు పండితారాధ్యుడి కళ్ళు తీయించాడనీ పాల్కురికి సోమనాథుడి 'పండితారాధ్య చరిత్ర' కథ చెబుతుంది. ఇది శైవ గ్రంథం, చరిత్ర పుస్తకం కాదు. అయినా కథలో రాజు చంపినవాళ్ళ పక్షం తీసుకోలేదన్నది గమనించాలి. మతవాదం హత్య దాకా పోతే పాలకుడు అడ్డం పడాలన్న అంచనా ఆ కథ చెప్పినవాళ్ళ మనసులోనూ ఉంది. ఇంచుమించు అదే కాలంలో ఎగువన పల్నాడులో వైష్ణవుడైన బ్రహ్మనాయుడికీ శైవురాలైన నాగమ్మకూ మధ్య పుట్టిన వైరం కారెంపూడి రణరంగానికి దారితీసింది. ఆ యుద్ధం దాయాదుల రాజ్యం కోసం జరిగినదే, కానీ రెండు వైపులా రెండు మతాలు చేరడంతో రాజీకి చోటు లేకపోయింది.

పల్నాటి యుద్ధం జరిగిందని చాలామంది చెప్పే సంవత్సరాల్లోనే, 1182లో, అమరావతిలో ఒక కంబం నిలిచింది. ధరణికోటను ఏలిన కోట వంశపు రెండో కేతరాజు శివభక్తుడు. ఆయన శాసనం ఉన్నది అమరేశ్వరుడి గుడిలోనే. ఆ రాతి మీద ధాన్యకటకం పొగడ్త ఎలా సాగుతుందంటే, ఇంద్రుడు కొలిచే అమరేశ్వరుడు ఇక్కడ ఉన్నాడు, ఆ దగ్గరలోనే బ్రహ్మ కొలిచే బుద్ధదేవుడు ఉన్నాడు, శిల్పాలతో నిండిన ఎత్తైన చైత్యం ఉంది. ఇలా చెప్పి బుద్ధుడికి ఊరి దానమూ అఖండదీపాలూ రాసింది. 1234లో కోట వంశానికే చెందిన బయ్యమాంబ బుద్ధుడికి ఇంకో దీపం పెట్టింది.

చుట్టూ శైవం ఉరకలెత్తుతున్న రోజుల్లో ఒక శైవ రాజు, శివుడి గుడిలోని కంబం మీద, బుద్ధుడి పేరు చెక్కించాడు. ఇద్దరికీ పోటీ లేకుండా చేయడానికి ఆ కవి పట్టిన ఉపాయం చక్కనిది. ఎవరు గొప్ప అన్న ప్రశ్న రానీయకుండా ఒకరికి ఇంద్రుణ్ణీ ఒకరికి బ్రహ్మనూ భక్తులుగా అమర్చాడు. ఆంధ్రదేశపు మత చరిత్రలో ఇంత నిండైన మర్యాద చూపిన రాయి ఇంకొకటి చూపించడం కష్టం. ఆ తర్వాత కూడా సింహళం నుంచి ఇక్కడికి రాకపోకలు ఆగలేదు. శ్రీలంకలోని 1344 నాటి గడలాదెణియ శాసనం ధర్మకీర్తి అనే భిక్షువు ధాన్యకటకంలోని రెండంతస్తుల విగ్రహగృహాన్ని బాగుచేయించిన సంగతి చెబుతుంది. స్థానికంగా బౌద్ధులు పలచబడ్డా, సముద్రం అవతల బుద్ధుడి మనుషులు ఉన్నారని కేతరాజుకు తెలిసే ఉండవచ్చు.

కాకతీయుల కాలంలో అదే గట్టున ఇంకో ప్రయోగం జరిగింది. 1261 నాటి మల్కాపురం శాసనం ప్రకారం రుద్రమదేవి శైవుల గోళకీ మఠాచార్యుడు విశ్వేశ్వర శివాచార్యుడికి మందడాన్నీ, వెలగపూడినీ ఇచ్చింది. ఇవాళ రాష్ట్ర సచివాలయం ఉన్నది ఆ వెలగపూడిలోనే. ఆచార్యుడు అక్కడ గుడితో పాటు విద్యాశాల, ఆరోగ్యశాల, ప్రసూతిశాల, అన్నసత్రం నడిపించాడు. సత్రంలో బ్రాహ్మణుడి నుంచి చండాలుడి దాకా ఎవరొచ్చినా అన్నం పెట్టాలన్నది నియమం. అంతకు మూడువందల ఏళ్ళ ముందు బెజవాడ మఠం గొరగలకు మాత్రమే అన్నది. మందడం మఠం శైవమే అయినా ఆకలికి మతం అడగలేదు. ఇంచుమించు అదే కాలంలో నెల్లూరులో తిక్కన తన భారతాన్ని శివకేశవులిద్దరూ ఒకటైన హరిహరనాథుడికి అంకితమిచ్చాడు. పోటీపడే ఇద్దరు దేవుళ్ళను ఒకే దేవుణ్ణి చేయడం ఏ గేము తయారీదారుకూ ఇంకా తట్టినట్టు లేదు.

వైష్ణవంలో ఇలాంటి నేర్పు శ్రీకాకుళంలో కనిపిస్తుంది. ఇది ఉత్తరాంధ్ర పట్నం కాదు, ఘంటసాల దగ్గర కృష్ణ ఒడ్డున ఉన్న ఊరు. కళింగ దండయాత్రలో ఇక్కడ ఆగిన కృష్ణదేవరాయలకు ఏకాదశి రాత్రి ఆంధ్ర మహావిష్ణువు కలలో కనిపించి, గోదాదేవి కథను తెలుగులో రాసి తిరుమల వేంకటేశ్వరుడికి అంకితమివ్వమన్నాడని 'ఆముక్తమాల్యద' అవతారిక చెబుతుంది. చదివేవాళ్ళు దీన్ని భాష గురించిన కథగా గుర్తుపెట్టుకుంటారు. దేవుళ్ళ పక్క నుంచి చూస్తే ఇంకో అందం ఉంది. కావ్యం కోరింది ఒక ఊరి దేవుడు, అందుకున్నది ఇంకో కొండ దేవుడు, కథానాయిక తమిళదేశపు ఆండాళ్. డెల్టా దేవుడి మాట నిలిచింది, రాయలు కొలిచే తిరుమలకు మర్యాద దక్కింది.

రాజులు శాసనాలతో చేసిన పనిని జనం చుట్టరికంతో చేశారు. ఇంద్రకీలాద్రి మీది కనకదుర్గ విష్ణువుకు చెల్లెలు. కాబట్టి ఆమె శివుడి ఇల్లాలైనా వైష్ణవులకు ఆడపడుచే. ఆషాఢంలో ఊళ్ళ నుంచి మేళతాళాలతో అమ్మవారికి సారె వెళ్తుంది, దసరాకు తిరుమల నుంచి పట్టువస్త్రాలు వస్తాయి. నవరాత్రుల్లో రోజుకో అలంకారంలో ఆమె బాలాత్రిపురసుందరి, గాయత్రి, అన్నపూర్ణ, మహాలక్ష్మి, సరస్వతి, రాజరాజేశ్వరి అవుతుంది. ఎవరి గుడి ముందు అన్న ప్రశ్న అక్కడ రాదు, అందరూ ఆ కొండ మీదే వరసగా దర్శనమిస్తారు. కొల్లేటికోటలో పెద్దింట్లమ్మ ఉత్సవాల్లో జలదుర్గకూ గోకర్ణేశ్వరుడికీ పెళ్ళి చేస్తారు. ఊరి అమ్మవారూ శివుడూ అలా వియ్యమందుతారు. మోపిదేవిలో సుబ్రహ్మణ్యుడు లింగరూపంలో, పాము చుట్టల పానవట్టం మీద ఉంటాడు. తండ్రి, కొడుకు, నాగదేవత ముగ్గురూ ఒకే మొక్కు తీసుకుంటారు.

నది మాటకొస్తే, 'ఫారో'లో ఒసైరిస్ చేతిలో ఉన్న వరద ఇక్కడ కృష్ణమ్మ చేతిలోనే ఉంది. 1855లో ఆనకట్ట పూర్తికాక ముందు డెల్టా రైతు బతుకు ఆమె దయ మీదే నడిచింది. కృష్ణ నీళ్ళు పైకి పొంగి కొండ మీది దుర్గమ్మ ముక్కుపుడకను తాకిన రోజు కలియుగం అంతమవుతుందని బెజవాడలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. కొండ మీది తల్లికీ కింది తల్లికీ మధ్య ఒక హద్దు ఉంది. విజయదశమి రాత్రి ఆ హద్దు దాటేది దుర్గమ్మే. హంసవాహనం మీద తెప్పలో నదిలోకి వెళ్ళి, కృష్ణమ్మను పలకరించినట్టుగా విహరించి వస్తుంది.

కొత్తగా వచ్చినవారికీ ఈ పద్ధతే వర్తించింది. కొండపల్లిలో షా బుఖారీ బాబా దర్గా ఉరుసుకు హిందువులు వెళ్తారు. 1924లో ఫాదర్ ఆర్లాటి గుణదల కొండ మీద మేరీమాత విగ్రహం నిలిపారు. ఏటా ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో జరిగే ఉత్సవానికి వచ్చేవాళ్ళలో చాలామంది తలనీలాలు ఇస్తారు, కొబ్బరికాయలు కొడతారు. ఒకే పట్నంలో రెండు కొండల మీద ఇద్దరు అమ్మలు. ఒక కొండ మొక్కు తీర్చుకున్నవాళ్ళు రెండో కొండ ఎక్కకూడదని ఎవరూ అనుకోరు.

ఇన్ని ఉపాయాలున్న చోట ఒక్క లెక్క మాత్రం దారుణంగా తప్పింది. గేముల్లో వదిలేసిన దేవుడు అలుగుతాడు, పిడుగు వేస్తాడు, ఆడేవాళ్ళకు తప్పు తెలిసొస్తుంది. ధాన్యకటకంలో వదిలేసిన బుద్ధుడు ఏమీ అనలేదు. ఆయన తరఫున మాట్లాడే వర్తకులు, భిక్షువులు, దీపానికి నెయ్యి పోసే కాపరులు ఒకరొకరుగా లేకుండా పోయారు. కేతరాజు రాయించిన దీపం ఎప్పుడు కొండెక్కిందో చెప్పే శాసనం లేదు. చైత్యం మట్టిదిబ్బ అయింది, జనం దాన్ని దీపాలదిన్నె అన్నారు. పేరులో దీపం మిగిలింది.

పద్దెనిమిదో శతాబ్దం చివర చింతపల్లి నుంచి అమరావతికి మకాం మార్చిన జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు దేవుళ్ళను మరిచినవాడు కాడు. అమరేశ్వరుడి గుడిని బాగుచేయించాడు, మంగళగిరిలో నరసింహస్వామికి 1807-09 మధ్య పదకొండు అంతస్తుల గాలిగోపురం ఎత్తించాడు. శివుడికీ విష్ణువుకీ సమంగా చేసిన చేయి అది. కానీ కొత్త ఊరు కట్టడానికి రాయి, ఇటుక కావలసి వచ్చినప్పుడు పనివాళ్ళు దీపాలదిన్నెను తవ్వారు. అడ్డుచెప్పేవాళ్ళు లేరు. 1797లో కల్నల్ కాలిన్ మెకంజీ వచ్చి చూసేసరికి చెక్కడపు పలకలు బయటపడుతున్నాయి, కొన్ని అప్పటికే కట్టడాల్లోకి పోయాయి. తర్వాత మిగిలినవాటిలో చాలా భాగం మద్రాసు మ్యూజియానికీ, లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియానికీ చేరింది. ఇద్దరు దేవుళ్ళకు లోటు చేయని పాలకుడి ఏలుబడిలోనే, కోపం రాని మూడో దేవుడి ఇల్లు ఇలా చెదిరిపోయింది.

బుద్ధుడు కాలచక్ర బోధ చేసింది ధాన్యకటకంలోనేనని టిబెటన్ల నమ్మకం. 2006 జనవరిలో దలైలామా ఆధ్వర్యాన అమరావతిలో కాలచక్ర దీక్ష జరిగింది. హిమాలయాల నుంచి, ఇంకా ఎన్నో దేశాల నుంచి వేలాదిమంది బౌద్ధులు కృష్ణ ఒడ్డుకు వచ్చారు. స్తూపం మిగిలిన చోటికీ, కేతరాజు కంబం ఉన్న అమరేశ్వరుడి గుడికీ మధ్య నడిచి వెళ్ళేంత దూరమే.